తెగల్ని విరగ్గొట్టి సామ్రాజ్యం కట్టిన చెంఘిజ్ ఖాన్: చర్చకు రండి

చరిత్రదాహం:
మంగోలుల మాట వస్తే మన దగ్గర రెండే విషయాలు వినిపిస్తాయి. ఒకటి గుర్రాలు, బాణాలు. రెండోది తలల గుట్టలు. రెండూ నిజమే. కానీ వాటితో యుద్ధం గెలవొచ్చు గానీ, కొరియా నుంచి నల్లసముద్రం దాకా ఉన్న నేలని తరాల తరబడి పాలించలేరు. నేను చాలాకాలంగా వాళ్ల గురించి చదువుతున్నాను. నాకు అర్థమైంది ముందు పెడతాను, కాదనిపిస్తే గట్టిగా కాదనండి.

టెమూజిన్, అంటే తర్వాతి చెంఘిజ్ ఖాన్, 1162 ప్రాంతంలో ఒనాన్ నది దగ్గర పుట్టాడు. అతనికి తొమ్మిదేళ్లున్నప్పుడు తండ్రి యెసుగెయ్‌కి తాతారులు విషం పెట్టారు. తండ్రి పోగానే సొంత బంధువులైన తైచూద్‌లు తల్లి హోయెలున్‌నీ పిల్లల్నీ గడ్డిభూమిలో వదిలేసి వెళ్లిపోయారు. ఆమె అడవి పళ్లు, దుంపలు ఏరి పిల్లల్ని బతికించింది. కొన్నేళ్లకు ఆ బంధువులే తిరిగొచ్చి పిల్లాడి మెడకు చెక్క పలక బిగించి బందీ చేశారు. తర్వాత భార్య బోర్తెను మెర్కిత్‌లు ఎత్తుకెళ్లారు. అన్నదమ్ములమని ప్రమాణం చేసుకున్న జముఖా శత్రువయ్యాడు. తండ్రి స్థానంలో పెట్టుకున్న కెరెయిత్ రాజు తొగ్రుల్ 1203లో అతని మీదికే దండెత్తాడు.

ఇన్ని దెబ్బలు తిన్నవాడు కులం, తెగ, చుట్టరికం అన్నవాటిని నమ్ముకుని రాజ్యం కట్టడు. 1206లో ఒనాన్ మొదట్లో కురుల్తాయ్ సభ జరిగి, చెంఘిజ్ ఖాన్ అన్న బిరుదు తీసుకున్నాక అతను చేసిన మొదటి పెద్ద పని కొత్త యుద్ధం కాదు. తన కిందికి వచ్చిన జనాన్నంతా పది, వంద, వెయ్యి, పదివేల లెక్కన మళ్లీ విభజించాడు. 'మంగోలుల రహస్య చరిత్ర' అన్న వాళ్ల పాత గ్రంథం 95 మంది వెయ్యిదళాల నాయకుల పేర్లు వరసగా చెబుతుంది. ఓడిన తాతారులు, మెర్కిత్‌లు, కెరెయిత్‌లలో మిగిలినవాళ్లని చాలావరకు విడదీసి వేరువేరు దళాల్లో కలిపేశారు. ఒకప్పుడు తెగ కోసం చచ్చేవాడు ఇప్పుడు తన పదిమంది కోసం చావాలి. సామ్రాజ్యానికి పునాది రాయి ఇదేనని నా నమ్మకం.

గ్రూప్స్_ప్రిపరేషన్:
అన్నా, బాగా రాశారు. కానీ నాకో డౌట్. పది, వంద లెక్క చెంఘిజ్ కనిపెట్టింది కాదు కదా? అంతకు వెయ్యేళ్ల ముందే చైనాకి ఉత్తరాన తిరిగిన షియోంగ్నూలకు ఉంది, తర్వాత అటువైపే ఏలిన ఖితాన్‌లకూ జుర్చెన్‌లకూ ఉంది. మరి వాళ్లెవరూ ఇంత దూరం ఎందుకు రాలేదు?

చరిత్రదాహం:
సరైన ప్రశ్న తమ్ముడూ. లెక్క పాతదే, వాడిన తీరు కొత్తది. అంతకుముందు వెయ్యిమంది దళం అంటే ఒక తెగ తన నాయకుడితో సహా వచ్చి చేరడం. పేరు దళం, లోపల తెగ అలాగే ఉంటుంది. నాయకుడికి కోపం వస్తే తెగ మొత్తాన్ని తోలుకుని వెళ్లిపోతాడు. చెంఘిజ్ ఆ తలుపు మూసేశాడు. ఒక దళంలో పేరు పడ్డవాడు ఇంకో దళంలోకి వెళ్తే మరణశిక్ష, చేర్చుకున్నవాడికీ కఠిన శిక్ష.

రెండోది నాయకుల ఎంపిక. గుర్రాలు కాసే బదాయ్, కిషిలిక్ ఇద్దరూ తొగ్రుల్ దాడి చేయబోతున్నాడని రాత్రికి రాత్రి వచ్చి చెప్పారు. 1206లో వాళ్లు వెయ్యిదళాల నాయకులు. జెబె అయితే యుద్ధంలో అవతలి పక్షాన ఉండి బాణం వేసినవాడు. పట్టుబడ్డాక వేసింది నేనేనని ఒప్పుకున్నాడు, చెంఘిజ్ అతన్ని తన సేనానిని చేసుకున్నాడు. సుబుతాయ్ కమ్మరి కొడుకు. 13వ శతాబ్దంలో ప్రపంచంలో అంతటి సేనాపతి ఇంకొకడు లేడని నా అభిప్రాయం.

మూడోది కేషిగ్. పదివేల మంది అంగరక్షక దళం. ప్రతి నాయకుడూ కొడుకుని పంపాలి. పైకి అది గౌరవం, లోపల అది జామీను. తండ్రి ఎదురు తిరిగితే కొడుకు ఖాన్ గుడారం దగ్గరే ఉంటాడు. అక్కడితో ఆగలేదు. ఆ కుర్రాళ్లు వంట చూస్తూ, అమ్ములపొదులు మోస్తూ, గుర్రాలు చూసుకుంటూ పాలన నేర్చుకున్నారు. తర్వాత రాష్ట్రాలకు అధికారులుగా వెళ్లింది ఎక్కువగా వీళ్లే. మామూలు కేషిగ్ సైనికుడి హోదా బయటి వెయ్యిదళ నాయకుడి కంటే పెద్దది. ఇలాంటి ఏర్పాటు షియోంగ్నూల దగ్గర నాకు కనబడలేదు.

లెక్కల_మాస్టారు:
నేను చరిత్ర మనిషిని కాను, రిటైరైన లెక్కల టీచర్ని. అంకెల వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

అప్పటి మంగోలు జనాభా పది లక్షల లోపేనని ఎక్కువమంది అంచనా. మొదటి సైన్యం లక్ష ప్రాంతం. అవతల ఉత్తర చైనాలోని జిన్ రాజ్యానికి కోట్ల జనాభా. ఇంత తేడా ఉన్నప్పుడు ధైర్యం ఒక్కటే సరిపోదు. తేడాని పూడ్చింది గుర్రం. ఒక్కో సైనికుడి వెంట మూడు నుంచి ఐదు గుర్రాలు. ఒకటి అలిసిపోతే ఇంకోటి ఎక్కుతాడు. ఆహారం ఎండు మాంసం, గుర్రపు పాలు. బళ్లమీద ధాన్యం మోసుకుంటూ వెళ్లే సైన్యం వీళ్లని తరిమి పట్టుకోలేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. లక్షమందికి నాలుగు గుర్రాలు అంటే నాలుగు లక్షల గుర్రాలు. వాటికి రోజూ గడ్డి కావాలి. కాబట్టి గడ్డి ఉన్నంత దూరమే సైన్యం. రష్యా మీదికి చలికాలంలో వెళ్లారు. 1237 డిసెంబర్‌లో ర్యాజాన్, 1238 ఫిబ్రవరిలో వ్లాదిమీర్. నదులు గడ్డకట్టి రోడ్లయ్యాయి. 1241 ఏప్రిల్‌లో పోలండ్‌లోని లెగ్నిత్సా, హంగేరీలోని మోహీ యుద్ధాలు రెండు రోజుల తేడాతో గెలిచి కూడా, మరుసటి ఏడాది హంగేరీ నుంచి వెనక్కి వెళ్లారు. 1241 డిసెంబర్‌లో చెంఘిజ్ కొడుకు, ఆయన తర్వాతి ఖాన్ ఒగెదేయ్ చనిపోయాడన్న వార్త కారణం అంటారు. హంగేరీ గడ్డి అన్ని గుర్రాలకు చాలలేదన్న వాదన కూడా ఉంది. నాకు రెండోది కూడా బలంగానే కనిపిస్తుంది.

మంగోలియాలోని పాత చెట్ల వలయాల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు 1211 నుంచి 1225 వరకు అక్కడ వానలు అసాధారణంగా బాగా పడ్డాయని తేల్చారు. సరిగ్గా చెంఘిజ్ దండయాత్రల కాలం. వాన సామ్రాజ్యాన్ని కట్టదు గానీ, దాని గుర్రాల్ని మేపుతుంది.

పెన్నాతీరం:
అందరూ సైన్యం ఎంత చక్కగా నడిచిందో రాస్తున్నారు. ఆ సైన్యం ఎవరి మీద నడిచిందో కూడా ఈ చర్చలో ఉండాలి. 'కట్టారు' అన్న మాట దగ్గర నాకు బాధగా ఉంది.

1218లో మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ రాజ్యపు ఊరు ఒట్రార్‌లో, అక్కడి అధికారి ఇనాల్చుక్ మంగోలుల వర్తక బిడారుని పట్టుకుని సుమారు 450 మందిని చంపించాడు. నష్టపరిహారం అడగడానికి వెళ్లిన రాయబారుల్ని కూడా ఆ దేశపు రాజు షా వదల్లేదు. తప్పు వాళ్లదే, ఒప్పుకుంటాను. దానికి బదులుగా జరిగిందేమిటి? 1220లో బుఖారా, సమర్కంద్. 1221లో గుర్గంజ్, మెర్వ్, నిషాపూర్, హెరాత్. మెర్వ్‌లో శవాల లెక్క 13 లక్షలు దాటిందని జువైనీ రాశాడు. ఆ అంకె నమ్మలేనంత పెద్దదని నాకూ తెలుసు. కానీ మంగోలుల కొలువులోనే పనిచేసిన చరిత్రకారుడు రాసింది అది, వాళ్ల శత్రువు రాసింది కాదు. అప్పటి ప్రపంచంలో గొప్ప గ్రంథాలయాలున్న ఊరు మెర్వ్. మళ్లీ ఆ స్థాయికి రాలేదు.

పట్టుబడ్డ ఊరి యువకుల్ని తర్వాతి ఊరి కోట ముందు నిలబెట్టి కందకాలు పూడ్పించేవాళ్లు. పైనుంచి బాణాలు వేసే వాళ్లకి ఎదురుగా కనిపించేది తమ బంధువులే. చేతిపని తెలిసినవాళ్లని మాత్రం పక్కకి తీసి తూర్పుకి తోలారు. హెరాత్ సాలెవాళ్లు మగ్గాలు ఎక్కడో మధ్య ఆసియా అవతల బెష్‌బాలిక్‌లో వెయ్యాల్సి వచ్చింది. 1258 ఫిబ్రవరిలో బాగ్దాద్‌లో ఖలీఫా అల్ ముస్తాసిమ్‌ని చంపాక, అక్కడ రెండు లక్షలకు పైగా చచ్చారని ఆ దండు నడిపిన చెంఘిజ్ మనవడు హులగు స్వయంగా ఫ్రాన్స్ రాజుకి ఉత్తరం రాయించాడు. చంపినవాడే గొప్పగా చెప్పుకున్న అంకె అది.

ఇదంతా పక్కన పెట్టి తపాలా వ్యవస్థ ఎంత బాగుందో మాట్లాడుకోవడం నా వల్ల కాదు.

చరిత్రదాహం:
పెన్నాతీరం గారూ, పక్కన పెట్టమని నేనూ అనను. మీరు రాసిన హెరాత్ సాలెల సంగతి నా వాదనకి ఆధారమే. గడ్డిభూముల్లో తెగల్ని విడదీసినట్టే ఊళ్లని కూడా విడదీశారు. వీడు సాలె, వీడు కంసాలి, వీడు లేఖకుడు అని వేరు చేసి అవసరమున్న చోటికి తరలించారు. మనిషికి తన ఊరితో ఉన్న బంధాన్ని తెంచడమే వాళ్ల పాలనా పద్ధతి. అది క్రూరం. ఆ క్రూరత్వం యుద్ధంతో ముగియలేదు, పాలనలోకి కూడా వచ్చింది.

అయినా లోపల మార్పు జరిగింది. ఉత్తర చైనా గెలిచాక, ఈ రైతుల వల్ల లాభం లేదు, పొలాలన్నీ బీడు పెట్టి గుర్రాలు మేపుదామని కొందరు మంగోలు పెద్దలు అన్నారు. ఖితాన్ వంశస్థుడు యెలూ చుకాయ్ ఒగెదేయ్ ముందు అడ్డం పడ్డాడు. రైతుని రైతుగా ఉండనిస్తే ప్రతి ఏటా వెండి, పట్టు, ధాన్యం ఎంత వస్తుందో లెక్క వేసి చూపించాడు. పన్ను వసూలుకి పది ప్రాంతాలు ఏర్పాటు చేశాడు. 1231లో ఆ రాబడి కళ్లముందు పెడితే ఒగెదేయ్‌కి నమ్మకం కుదిరింది. చైనా రైతు బతికిపోవడానికి ఒక పన్నుల లెక్క కారణమైంది. నాకు మొత్తం చరిత్రలో అత్యంత ముఖ్యమైన ఘట్టం ఇదే. బుఖారా కంటే, బాగ్దాద్ కంటే.

తర్వాత 1235లో మంగోలియాలోని రాజధాని కారాకోరం చుట్టూ గోడ కట్టారు. తపాలా గుర్రాల మజిలీలు దేశమంతటా వెలిశాయి. చెంఘిజ్ మనవడు మోంకే ఖాన్‌గా ఉన్న కాలంలో చైనా నుంచి ఇరాన్ దాకా, రష్యా దాకా జనాభా లెక్కలు తీశారు. 1259లో నోవ్‌గొరోద్ జనం ఆ లెక్కల మీద తిరగబడ్డారు కూడా. ఎందుకంటే పేరు రాయించుకుంటే పన్ను, సైన్యం రెండూ వస్తాయని వాళ్లకి తెలుసు.

విశాఖ_కెరటం:
ఈ చర్చలో ఇప్పటిదాకా హోయెలున్ తప్ప ఆడవాళ్లు ఎవరూ రాలేదు. 1241 నుంచి 1251 వరకు ఆ సామ్రాజ్యం పగ్గాలు ఎక్కువకాలం ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడండి.

ఒగెదేయ్ పోయాక ఐదేళ్లు ఆయన భార్య తోరెగెనె పాలించింది. కొడుకు గుయుక్‌ని 1246లో గద్దెనెక్కించింది. ఆ పట్టాభిషేకానికి పోప్ రాయబారి కార్పీనీ ఐరోపా నుంచి వచ్చాడు. గుయుక్ రెండేళ్లకే పోయాడు, మళ్లీ ఆయన భార్య ఒగుల్ ఖైమిష్. వీళ్లందరి పక్కన ఓపిగ్గా కూర్చుని ఎదురుచూసింది సోర్ఖాక్తానీ. చెంఘిజ్ చిన్న కొడుకు తొలూయ్ భార్య, ఓడిన కెరెయిత్‌ల ఆడపడుచు, క్రైస్తవురాలు. భర్త చనిపోయాక గుయుక్‌ని పెళ్లి చేసుకోమని ఒగెదేయ్ అడిగితే, పిల్లల్ని పెంచుకోవాలని చెప్పి మర్యాదగా తప్పుకుంది. నలుగురు కొడుకులకీ చదువు చెప్పించింది. తను క్రైస్తవురాలై ఉండి బుఖారాలో మదరసా కట్టడానికి డబ్బిచ్చింది. వోల్గా వైపు ఏలుతున్న చెంఘిజ్ మనవడు బతూతో స్నేహం కలుపుకుని 1251లో పెద్ద కొడుకు మోంకేని ఖాన్ చేసింది.

ఆ నలుగురూ మోంకే, కుబ్లాయ్, హులగు, అరిక్ బోకె. చైనా యువాన్ వంశం, ఇరాన్ ఇల్‌ఖాన్ వంశం రెండూ ఆ ఒక్క తల్లి కడుపున పుట్టినవే. ఇరాన్ మంగోలుల కొలువులోని చరిత్రకారుడు రషీదుద్దీన్ ఆమెని ఎంతగా మెచ్చుకుంటాడో చదివితే తెలుస్తుంది. ఒగుల్ ఖైమిష్‌ని మాత్రం మోంకే మనుషులు నదిలో ముంచి చంపారు. ఆ పోటీలో ఓడితే గతి అది.

గ్రూప్స్_ప్రిపరేషన్:
మేడమ్, ఇది మా సిలబస్‌లో ఒక్క లైన్ కూడా లేదు. థ్యాంక్స్. మరి ఇంత పకడ్బందీగా కట్టింది ఎందుకు ముక్కలైంది? ఐన్ జాలూత్‌లో ఓడిపోయినందుకేనా?

చరిత్రదాహం:
కాదు. 1260 సెప్టెంబర్ 3న పాలస్తీనాలోని ఐన్ జాలూత్‌లో ఈజిప్టు ఏలే మమ్లూక్‌లు ఓడించింది సేనాని కిత్‌బుకా కింద వదిలిన చిన్న సైన్యాన్ని. అసలు సైన్యం హులగుతో వెనక్కి పోయింది. ఎందుకు పోయింది? 1259లో మోంకే చైనాలో దియావోయూ కోట ముట్టడిలో ఉండగా చనిపోయాడు. వెంటనే కుబ్లాయ్, అరిక్ బోకె ఇద్దరూ నేనంటే నేనని ఖాన్‌లయ్యారు. నాలుగేళ్లు అన్నదమ్ముల యుద్ధం. 1262 నాటికి వోల్గా వైపు బతూ తమ్ముడు బెర్కె, ఇరాన్‌లో హులగు కొట్టుకుంటున్నారు. బెర్కె ముస్లిం అయ్యాడు, బాగ్దాద్ ఖలీఫాని చంపినందుకు కోపం. దానికి తోడు అజర్‌బైజాన్ పచ్చికబయళ్లు ఎవరివన్న తగాదా. తన సొంత పినతండ్రి కొడుకుకి వ్యతిరేకంగా ఈజిప్టు మమ్లూక్‌లతో పొత్తు పెట్టుకున్నాడు.

నేను మొదటి పోస్ట్‌లో చెప్పింది ఇక్కడ పూర్తవుతుంది. చెంఘిజ్ ప్రతి తెగనీ విరగ్గొట్టాడు, ఒక్కటి తప్ప. తన వంశం. దేశాన్ని కొడుకులకి ఆస్తిలాగా పంచాడు. చైనాలో వసూలైన పన్నులో వోల్గా దగ్గరున్న మనవడికి వాటా, ఇరాన్ ఊళ్లలో చైనాలో ఉన్నవాడికి వాటా. కామందు పోయాక ఉమ్మడి కుటుంబంలో పొలాల పంపకం వచ్చినట్టు, సామ్రాజ్యం సరిగ్గా ఆ గీతల వెంబడే చీలింది. బయటి శత్రువు చీల్చలేదు. అన్ని చుట్టరికాల్నీ అనుమానించినవాడు తన ఇంటి చుట్టరికాన్ని అనుమానించలేదు.

లెక్కల_మాస్టారు:
అయితే ముక్కలయ్యాక కూడా కుబ్లాయ్ గెలుస్తూనే పోయాడు కదా. దక్షిణ చైనా ఏలే సోంగ్ వంశపు షియాంగ్‌యాంగ్ కోట 1268 నుంచి 1273 దాకా లొంగలేదు. ఇరాన్ నుంచి ఇస్మాయిల్, అలావుద్దీన్ అన్న ఇద్దరు ఇంజనీర్లని పిలిపించి, బరువు కట్టిన పెద్ద రాళ్ల యంత్రాలు చేయించాక లొంగింది. కుబ్లాయ్‌కీ, ఇరాన్ ఏలుతున్న హులగు కొడుకు అబఖాకీ మైత్రి ఉండబట్టి నైపుణ్యం అలా ప్రయాణించింది. 1279లో సోంగ్ వంశం అంతం. జపాన్ దగ్గర 1274లో, 1281లో, వియత్నాం దగ్గర 1288లో, జావా దగ్గర 1293లో మాత్రం దెబ్బతిన్నాడు. సముద్రం మీద గడ్డి మొలవదు.

మోటుపల్లి_గాలి:
మాస్టారు సముద్రం మాట ఎత్తారు కాబట్టి మన తీరం వైపు వస్తాను. దీనికి తెలుగువాళ్లతో నిజమైన సంబంధం ఉంది.

కుబ్లాయ్‌కి యుద్ధనౌకలు కలిసిరాలేదు గానీ వర్తక నౌకలు కలిసొచ్చాయి. సోంగ్ ఓడరేవులు చేతికొచ్చాక చువాన్‌జౌ నుంచి దక్షిణ భారతానికి రాయబారుల్ని పంపాడు. కొల్లంకి యాంగ్ తింగ్‌బీ వచ్చాడు. 1281 నాటి తమిళ శాసనం చువాన్‌జౌలో దొరికింది, అక్కడి శివాలయానిది. మంగోలు ఖాన్ ఏలుబడిలోని చైనా రేవులో మన దక్షిణాది వర్తకులు గుడి కట్టుకున్నారు.

ఇటు మన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లోనే అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లనీ, తాను మాత్రం ప్రాణం కంటే ధనం ఎక్కువని సముద్రానికి తెగించినవాళ్ల మీద దయతో కేవలం సుంకమే తీసుకుంటాననీ ప్రకటించాడు. సుంకం ముప్పయ్యో వంతు. సరుకుల పట్టికలో గంధం, ముత్యాలు, దంతం, పట్టుదారం, మిరియాలతో పాటు చీనా కర్పూరం కూడా ఉంది. అంటే మంగోలులు దక్షిణ చైనా గెలవడానికి మూడు దశాబ్దాల ముందే ఈ దారి నడుస్తోంది. దారి వాళ్లు వెయ్యలేదు. నడుస్తున్న దారికి అవతలి కొసన వచ్చి కూర్చున్నారు, మూసెయ్యకుండా పెంచారు.

మార్కో పోలో వచ్చింది ఈ దారినే. ఇల్‌ఖాన్ అర్ఘూన్‌కి పెళ్లికూతురుగా కుబ్లాయ్ పంపిన కోకెజిన్ వెంట, 14 ఓడల్లో బయలుదేరి, సుమత్రా, సింహళం మీదుగా. ఆయన ముత్‌ఫిలి అని రాసిన రాజ్యం మన మోటుపల్లి. అక్కడి రాణి న్యాయం తెలిసిన వివేకవంతురాలని, కొండల్లో వజ్రాలు దొరుకుతాయని, అక్కడి సన్నని నూలుబట్ట సాలెపట్టులా ఉంటుందని, ప్రపంచంలో ఏ రాజైనా సంతోషంగా కట్టుకుంటాడని రాశాడు. ఆ రాణి రుద్రమదేవి. చందుపట్ల శాసనం ప్రకారం ఆమె 1289లో మరణించింది, అప్పటికి ఈ ఓడలు చైనా నుంచి బయలుదేరనే లేదు. పోలో విన్నది రేవుల్లో వర్తకులు చెప్పుకునే మాట అయ్యుండాలి. రాజుగారి భార్య అని కూడా పొరపాటుగా రాశాడు, ఆమె గణపతిదేవుడి కూతురు. అయినా పోయిన తర్వాత కూడా సముద్రం మీద ఆమె పేరు మంచిగా వినిపించిందంటే నాకు చెప్పలేనంత గర్వం.

ఓరుగల్లు_కోట:
అన్నా, మోటుపల్లిది మంచి సంబంధం. ఓరుగల్లుది చెడ్డ సంబంధం. అది నేను రాస్త.

ఢిల్లీ సుల్తానులకు మంగోలుల భయం మామూలుది కాదు. 1285లో ముల్తాన్ దగ్గర బల్బన్ పెద్దకొడుకు మహమ్మద్ చనిపోయింది మంగోలుల చేతిలోనే. కవి అమీర్ ఖుస్రో అప్పుడే వాళ్లకు బందీగా చిక్కి బయటపడ్డడు. 1299లో మంగోలు సేనాని కుత్లుగ్ ఖ్వాజా ఢిల్లీ పక్కన కీలీ దాకా వచ్చిండు. 1303లో అలావుద్దీన్ ఖిల్జీ చిత్తోడ్ ముట్టడిలో ఉండగా, ఇంకో సైన్యాన్ని బెంగాల్ వైపు నుంచి ఓరుగల్లు మీదికి పంపిండు. ఆ సైన్యం ఓడి, వానల్లో నానా తిప్పలు పడి తిరిగొచ్చింది. సరిగ్గా ఆ సమయానికే ఇంకో మంగోలు సేనాని తరఘాయ్ వచ్చి ఢిల్లీని చుట్టుముట్టిండు. అలావుద్దీన్ సీరీలో కందకం తవ్వుకుని రెండు నెలలు కాచుకోవాల్సొచ్చింది.

దాని తర్వాతనే ఆయన పెద్ద సైన్యం పెట్టుకున్నడు. గుర్రాలకు ముద్రలు, సైనికుల హాజరు, జీతం నగదు రూపంలో. ఆ జీతం చాలాలంటే ధరలు తక్కువుండాలి కాబట్టి ఢిల్లీ బజారులో గోధుమ నుంచి గుర్రం దాకా ధరలు కట్టడి చేసిండు. దానికీ డబ్బు కావాలె. 1309లో మాలిక్ కాఫుర్ బయలుదేరి 1310లో ఓరుగల్లు మట్టికోట దాటి రాతికోటను చుట్టుముట్టి, ప్రతాపరుద్రుడి దగ్గర ఏనుగులు, గుర్రాలు, తరాల నిధి తీసుకుపోయిండు. మంగోలుడు ఓరుగల్లు మొహం చూడలేదు. కానీ వాళ్లను ఆపడానికి పెంచిన సైన్యం మన ఖజానా మీద బతికిందని నేను నమ్ముతా.

గ్రూప్స్_ప్రిపరేషన్:
ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదన్నా. ధరల కట్టడి చదివాం, ఓరుగల్లు దాడి చదివాం, రెండూ వేరే చాప్టర్లు.

టెక్సాస్_తెలుగు:
ఆలస్యంగా వచ్చాను. ఆసియాలో ప్రతి 12 మందిలో ఒకరు చెంఘిజ్ వారసులే అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది కదా, అది ఎంతవరకు నిజం?

విశాఖ_కెరటం:
2003లో వచ్చిన జన్యు పరిశోధన అది. పసిఫిక్ నుంచి కాస్పియన్ సముద్రం దాకా ఉన్న విశాల ప్రాంతంలో సుమారు 8 శాతం మగవాళ్లలో ఒకే రకమైన వై క్రోమోజోమ్ వంశం కనిపించిందని తేల్చారు. అది చెంఘిజ్ వంశం కావచ్చన్నది ఊహ. చెంఘిజ్ సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు, పోల్చడానికి ఆయన ఎముక ఒక్కటి కూడా లేదు. ఆ వంశం ఆయనకంటే ముందే ఆ ప్రాంతంలో వ్యాపించి ఉందని తర్వాతి పరిశోధనలు కొన్ని అంటున్నాయి. మొత్తం ఆసియా అన్నది వాట్సాప్ కలిపింది.

పెన్నాతీరం:
వారసత్వం అంటే నేను రక్తం కంటే పనుల్నే చూస్తాను. బాగ్దాద్ పడిన మరుసటి ఏడాది, 1259లో, అదే హులగు మరాఘాలో నసీరుద్దీన్ తూసీ చేత ఖగోళ వేధశాల కట్టించాడు. అక్కడికి చైనా పండితులూ వచ్చారు. ఇరాన్ కోబాల్ట్ చైనా జింగ్‌దెజెన్ కుమ్మరులకి చేరి తెల్లటి పింగాణీ మీద నీలి బొమ్మలొచ్చాయి. 1295లో ముస్లిం అయిన గజాన్ ఖాన్ మంత్రి రషీదుద్దీన్ చైనా, భారతదేశం, ఐరోపా అన్నిటి చరిత్రనీ ఒకే గ్రంథంలో రాయించాడు. వీటిని చూసి నేను కూడా ఆశ్చర్యపోతాను. కానీ అదే బిడారు దారుల్లో ప్లేగు కూడా నడిచింది. 1346 ప్రాంతంలో క్రిమియాలోని కఫ్ఫా రేవుని వోల్గా వైపు మంగోలు ఖాన్ జానీబెగ్ ముట్టడించినప్పుడు ఆ సైన్యంలో ప్లేగు ఉంది. అక్కడినుంచి ఓడల్లో ఇటలీకి వెళ్లింది. ఆ దారి మేలునీ చావునీ వేరు చెయ్యలేదు. రషీదుద్దీన్ చివరికి ఏమయ్యాడో తెలుసా? 1318లో సుల్తానుకి విషం పెట్టాడన్న నింద మోపి, డెబ్బై ఏళ్ల మనిషిని నరికేశారు.

చరిత్రదాహం:
దీనికి నా దగ్గర జవాబు లేదు, పెన్నాతీరం గారూ. మీరన్నది అన్నట్టే నిలవాలి.

గ్రూప్స్_ప్రిపరేషన్:
చివరి ప్రశ్న. ఎప్పుడు ముగిసిందని రాయాలి? 1368 అని రాస్తే చాలా?

చరిత్రదాహం:
1368 చైనాకి మాత్రమే తమ్ముడూ. 1344లో పసుపు నది కట్టలు తెగాయి, కాగితపు డబ్బు విలువ పోయింది, 1351లో ఎర్ర తలపాగాల తిరుగుబాటు మొదలైంది, 1368లో చైనా ఏలిన చివరి మంగోలు ఖాన్ తోగోన్ తెమూర్ ఉత్తరానికి పారిపోయాడు. ఇరాన్‌లో 1335, అక్కడి ఇల్‌ఖాన్ అబూ సయీద్ వారసుడు లేకుండా పోయాడు. అంతకుముందు 1294లో ఇంకో ఇల్‌ఖాన్ గైఖాతు తబ్రీజ్‌లో చైనా పద్ధతిలో కాగితపు డబ్బు పెడితే జనం అంగళ్లు మూసేశారు, కొద్దికాలానికే ఎత్తేశారు. రష్యా మీద ఆధిపత్యం 1480లో ఉగ్రా నది దగ్గర ముగిసిందంటారు.

కానీ చెంఘిజ్ వంశంవాడే ఖాన్ కావాలన్న కట్టుబాటు ఇంకా చాలాకాలం బతికింది. తైమూర్ అంతటివాడు కూడా ఖాన్ అనిపించుకోలేదు. చెంఘిజ్ వంశపు బొమ్మని గద్దె మీద పెట్టి, తను ఆ వంశపు అల్లుడినని చెప్పుకున్నాడు. బాబర్ తండ్రివైపు తైమూర్ వంశం, తల్లి కుత్లుగ్ నిగార్ ఖానుమ్ చెంఘిజ్ కొడుకు చగతాయ్ వంశం. క్రిమియాలో ఆ వంశంవాళ్లు 1783లో రష్యా ఆక్రమించేదాకా ఏలారు. పరీక్షలో ఒక్క ఏడాది అడిగితే 1368 రాయి. చర్చలో అడిగితే 1783 అను.

విశాఖ_కెరటం:
మంగోలియాలో అయితే ఇంకా తేలలేదు. సోవియట్ ఛాయలో ఉన్నప్పుడు ఆయన పేరు గొప్పగా చెప్పడమే తప్పు. 1962లో ఎనిమిది వందల ఏళ్ల పుట్టినరోజుకి, ఆయన పుట్టాడని చెప్పే దెలూన్ బోల్దోగ్‌లో స్మారకం కట్టించినందుకు, పార్టీలో పెద్ద నాయకుడు తోమోర్ ఒచిర్ పదవి పోగొట్టుకున్నాడు. 1990 తర్వాత పెద్ద నోట్ల మీద ఆయనే, ఉలాన్‌బాతర్ బయట 40 మీటర్ల గుర్రపు విగ్రహం ఆయనదే.

టెక్సాస్_తెలుగు:
మోటుపల్లి_గాలి గారూ, ఈసారి ఇండియా వచ్చినప్పుడు ఆ అభయశాసనం పిల్లలకి చూపించాలని ఉంది. ఎక్కడుంది?

మోటుపల్లి_గాలి:
వీరభద్రస్వామి గుడిలో స్తంభం మీద ఉందండి. ఊరు చినగంజాం మండలం, ఇప్పుడు బాపట్ల జిల్లా. సంస్కృతం, తెలుగు రెండూ ఉన్నాయి. సుంకాల పట్టిక తెలుగులోనే ఉంటుంది. పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా కనిపిస్తాయి. పిల్లలకి చీనా కర్పూరం అన్న చోటు చూపించడం మర్చిపోకండి.